నిమ్మకాయలు తొక్కిన కారు

మొన్నటి వానలకు నంద్యాలలో మా వీధి మోకాటిలోతు మునిగి, మా అబ్బాయి కారు ఒక పూటంతా నీళ్లలో నానింది. మెకానిక్కు ముందరి మూత ఎత్తగానే ఒండ్రుమట్టి, పెట్రోలు, కాగి చల్లారిన ఇంజనాయిలు కలిసిన వాసన వచ్చింది. వరండాలో చిక్కుడుకాయలు తుంచుతున్నదాన్ని తుంచుతున్నట్టే ఆళ్లగడ్డలో, నా పదో ఏట పోయి పడ్డాను.

కర్నూలుకు రాజధాని హోదా పోయిన మరుసటి ఏడు అది. చేలల్లో వేరుశనక్కాయ పీకుడు, మిద్దె మీద జొన్నల ఎండబోత, మధ్యాహ్నాలు అరుగు మీద చింతపిక్కల ఆట, వక్కాకు నములుతూ మా ఆటకు తీర్పులు చెప్పే మా అవ్వ, వీటన్నిటి మధ్యా మా నాయన కొన్న పాత నల్ల కారొకటి. నల్లటి గేదెలా ఉందని ఊళ్లోవాళ్లు దాన్ని 'ఎనుము' అనేవాళ్లు. ఎనుము నీళ్లు చూస్తే దిగకుండా ఉండదు కదా. దసరాకు నాలుగు రోజుల ముందు నాయన నంద్యాల నుంచి వస్తుంటే వక్కిలేరు పొంగి రోడ్డెక్కింది. డ్రైవరు ఓబులేసు "నీళ్లు తగ్గినాక పోదామయ్యా" అన్నాడట. నాయన "ఏం గాదులే, పోనీ" అన్నాడట. నడి ఏట్లో ఎనుము రెండుసార్లు దగ్గి, నిదానంగా నిలబడిపోయింది. నిజం ఎనుములాగే.

ఎద్దులు కట్టి లాక్కొచ్చి కొట్టంలో పెట్టారు. హ్యాండుబ్రేకు సరిగా పట్టదని ఓబులేసు కారును గేరులో ఉంచి, చక్రానికి రాయి అడ్డం పెట్టి, ఇంటిల్లిపాదికీ ఒకటే మాట చెప్పాడు: "లోపల నీళ్లుండాయి. నంద్యాల నుంచి మస్తానన్న వచ్చేదాంక ఎవురూ కదిలియ్యగాకండి."

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. ఓళిగల కోసం ఉడికే శనగబేడల వాసన, సాంబ్రాణి పొగ, చిత్రాన్నంలో పిండిన నిమ్మరసం. అవ్వ నా పాదాలకు గోరువెచ్చటి పసుపు దట్టంగా పూసింది. నాగళ్లకూ కొడవళ్లకూ కత్తిపీటకూ కుంకుమ పెట్టింది, కారుకూ పెట్టి, చక్రాల ముందర నాలుగు నిమ్మకాయలు ఉంచింది. ఓబులేసు దండం పెట్టుకుని, కాయలు తర్వాత తొక్కిద్దామని చెప్పి, ఓళిగలు కట్టించుకుని తన పల్లెకు పోయాడు. అవ్వకు మాత్రం మనసు కుదుటపడలేదు. "నిమ్మకాయ తొక్కని బండికి దిష్టి యాడ పోతుందిమే" అని పదిసార్లు అంది. నేనేమో మా కారు నాలుగు కాయలనూ ఒకే దెబ్బకు చిదుపుతుందని బడిలో అందరికీ ముందే చెప్పి పెట్టుకున్నాను.

ఓళిగల మత్తులో ఇల్లంతా నిద్రపోతున్న మధ్యాహ్నం, నేను పోయి రాయి తీశాను. ఓబులేసు పక్కన కూర్చుని చూసి చూసి, క్లచ్చు తొక్కితే బండి తేలిగ్గా దొర్లుతుందని నాకు తెలుసు. లోపలికెక్కి, సీటు అంచుకు జారి ఎడమకాలితో తొక్కాను. కొట్టం నేల వాకిలి వైపుకు వాలు. కారు కదిలింది, కాయలు టప్పున పగిలాయి, నా ఆనందానికి హద్దు లేదు. హద్దు కారుకు కూడా లేకపోయేసరికి భయమేసింది. పసుపు కాలు జారింది. క్లచ్చు వదిలేసరికి ఇంజను గిర్రున తిరగబోయి, లోపలెక్కడో 'టక్'మని, కారు గుంజుకుని ఆగిపోయింది. చక్రానికి మళ్లీ రాయి పెట్టి, పోయి అవ్వ పక్కన పడుకున్నాను.

సాయంత్రం అవ్వ చూసి మురిసిపోయింది. "ఓబులేసు పోతా పోతా నా మాట ఇన్నాడప్పా, కాయలు తొక్కిచ్చినాడు" అని ఇరుగుపొరుగుకంతా చెప్పింది.

రెండోనాడు మెకానిక్కు మస్తానన్న వచ్చాడు. ఓబులేసూ వచ్చాడు. మస్తానన్న ఆయిలు చూసే కడ్డీ తీసి, వాసన చూసి, "టీ అయిపోయిందన్నా" అన్నాడు. నూనె నిజంగానే పాలు కలిసిన టీ రంగులో ఉంది. ప్లగ్గులు నాలుగూ విప్పి, ముందరి హ్యాండిలు మెల్లగా తిప్పితే ఒక రంధ్రంలోంచి ఏటినీళ్లు చిమ్మాయి. తర్వాత నా వైపు తిరిగి, "పాపా, ఒక చీపురుపుల్ల తేపో" అన్నాడు. నేనే తెచ్చిచ్చాను. దాన్ని ఒక్కో రంధ్రంలో దించి, పిస్టను పైకి వచ్చినచోట గోటితో గుర్తు పెట్టాడు. మూడు గుర్తులూ సమంగా వచ్చాయి. నాలుగోది చిటికెనవేలి గోరంత తగ్గింది.

"రాడ్డు వంగింది. ఏట్లో నిదానంగా ఆగింది కదా, అప్పుడు కాదు. నీళ్లు లోపలుండంగానే మళ్లా ఎవురో ఇంజను తిప్పినారు."

ఆ నాలుగు రోజులూ తన 'పోనీ' గురించి ఎవరైనా ఎత్తుతారేమోనని తలొంచుకుని తిరిగిన నాయన ఇప్పుడు తలెత్తాడు. "ఏం ఓబులేసూ. కదిలియ్యొద్దని మాకు చెప్పి, అవ్వ కాయలు తొక్కిచ్చమంటే తొక్కిచ్చేదేనా?"

ఓబులేసు కారు తలుపు తీశాడు. లోపలికి వంగినవాడు అలాగే ఆగిపోయాడు. క్లచ్చు మీద చిన్న పసుపు పాదం, అయిదు వేళ్లతో సహా, అవ్వ కుంకుమ కూడా పెట్టేంత స్పష్టంగా ఉంది. అతను నా పాదాల వంక ఒక్కసారి చూశాడు. భుజం మీది టవలు తీసి పెడలు తుడిచాడు. తర్వాత నాయన వైపు తిరిగి, "తప్పయిందయ్యా" అన్నాడు.

"రేపట్నుంచి రావద్దులే."

"అట్లేనయ్యా."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నా కాలు జారింది, నోరు మాత్రం జారలేదు. నిమ్మకాయలు చిదిపినదాన్ని నిమ్మకు నీరెత్తినట్టు చీపురుపుల్ల పట్టుకుని నిలబడ్డాను. వాకిలి దాటేటప్పుడు ఓబులేసు నా పక్కన ఆగి, "పాపా, క్లచ్చు బిగువు. నీ కాలికి అందదు" అన్నాడు, మెల్లగా, నాకు మాత్రమే వినబడేట్టు. కోప్పడి ఉంటే ఇన్నేళ్లలో మరిచిపోయేదాన్నేమో.

ఆ కొట్టం ఇప్పుడు లేదు. అవ్వ లేదు, ఎనుము లేదు. చీపురుపుల్లతో ఇంజను నాడి చూసేవాళ్లూ లేరు. ఓబులేసు రుద్రవరం వైపు ఎవరి దగ్గరో లారీకి కుదిరాడని విన్నాను. ఆ తర్వాత విననూ లేదు, వెతకనూ లేదు. నాయన పోయేదాకా కూడా నేను ఆ మాట చెప్పలేదు.

మొన్నటి మెకానిక్కు ఫోనుకు ఏదో తగిలించి చూసి, చివరికి మస్తానన్న మాటకే వచ్చాడు. "నీళ్లు పోయినాక ఎవురన్నా స్టార్ట్ చేసినారా?"

"లేదు" అన్నాడు మా అబ్బాయి.

"నేను తిప్పినా" అన్నాను.

మా అబ్బాయి నవ్వాడు. "నీకు స్టీరింగు పట్టుకునేదే రాదు కదమ్మా."

మెకానిక్కూ నవ్వి, పానాలు సర్దుకున్నాడు. చిక్కుడుకాయలు ఇంకా సగం మిగిలే ఉన్నాయి.