ఖాళీగా వదిలిన పేరు గడి

నా తెలుగు పండితుల తెలుగు కాదు. పగలు పనిచేసి, రాత్రి బడిలో చదివి పట్టా పొందినవాణ్ణి, తప్పులుంటే మన్నించండి. ఆ బడిలో నాకు నెట్‌వర్క్ పాఠాలు చెప్పిన మా సార్ గడిచిన మంగళవారం నెల్లూరు ఆసుపత్రిలో కన్నుమూశారు.

సార్ ఇల్లు మైపాడు రోడ్డులో. ఎవరు వచ్చినా గేటు బయట నిలబడవలసిందే. గుర్తింపు కార్డును చేయి చాచి దూరంగా పట్టుకొని, పెదవులు కదుపుతూ పేరు చదివేవారు.

"ముద్ర కనపడలేదా సార్?" అని కరెంటు మీటరు చూసే కుర్రవాడు ఒకసారి విసుక్కున్నాడు.

"ముద్ర అసలుదే నాయనా. పేరు మాత్రం నెలనెలా వచ్చే మీ అన్నయ్యది. నువ్వెవురు?"

మరునాడు తరగతిలో అదే పాఠమైంది. మన పాస్‌వర్డ్ పంపే ముందు కంప్యూటరు అవతలి సర్వర్‌ను సర్టిఫికెట్, అంటే దాని గుర్తింపు కార్డు, అడుగుతుంది. దాని మీది సంతకం అసలుదైతే చాలదు. పేరు మన సర్వర్‌దే కావాలి. అసలు సంతకమున్న సర్టిఫికెట్‌ను ఎవరైనా తమ పేరుతో తెచ్చుకోగలరు.

ఆ పాఠంలో మొదటి మార్కు నాదే. గర్వంగానే రాస్తున్నాను. తెలియక తప్పు చేశానని చెప్పుకునే వీలు అందుకే నాకు లేదు.

నేను ఒక రొయ్యల ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ చూస్తాను. సర్వర్ మార్చిన రోజు కొత్త పేరు లోపల రాసి ఉన్న పాత పేరుతో కలవక ఏ కంప్యూటరుకూ, ఏ ఫోనుకూ వైఫై అందలేదు. తూకం ఆగి, రొయ్యల లారీలు ఎండలో నిలిచిపోయాయి.

"అన్నా, ఐసు కరిగిపోతా ఉంది! నీ చదువు తర్వాత చూపిద్దువు!" అని తూకం దగ్గరి అక్క అరిచింది.

అన్నిటిలోనూ సర్వర్ పేరు రాసే గడిని ఖాళీ చేశాను. మా సాఫ్ట్‌వేర్ లోపం అక్కడే ఉంది: గడి ఖాళీ అయితే ఏ పేరునైనా ఒప్పుకుంటుంది, హెచ్చరిక కూడా చేయదు. అన్నీ కలిశాయి. నాకు చప్పట్లు కొట్టారు.

ఈ సంగతి సార్‌కు చెప్పాను. ఆసుపత్రి మంచం మీద నుంచి అడిగారు: "పేరు మళ్ళీ పెట్టినావా నాయనా?"

"పెట్టినాను సార్."

తలాడించి కళ్ళు మూసుకున్నారు. కార్డు చదవకుండా ఎవరినీ లోపలికి రానివ్వని మనిషి నా మాటను తనిఖీ చేయలేదు.

ఆయన పోయిన మూడవ రోజున అక్క అంది: "టీ అంగడి కాడ కూడా నా ఫోనుకి మన వైఫై భలే వస్తా ఉందన్నా!"

మా వైఫై అంత దూరం రాదు. ఎవరో మా వైఫై పేరుతో అక్కడ నకిలీది పెట్టారు; గడి ఖాళీ గనక మావాళ్ళ పాస్‌వర్డ్‌లు దానికే అందుతాయి. ఎవరెవరి పాస్‌వర్డ్‌లు పోయాయో నాకు తెలియదు. శీతల గదుల మీటలు కూడా ఆ పాస్‌వర్డ్‌లకే లొంగుతాయి. ప్రతి కంప్యూటరు, ప్రతి ఫోను ముందూ కూర్చొని గడి నింపాలి. మేనేజరు గారు సీజను ముగిసేదాకా ఆగమన్నారు. నేను ఆగలేను.

దీన్ని ముందుగా మేనేజరు గారే చదవాలి. తర్వాత అక్కకు చదివి వినిపించండి. ఈ రోజే పాస్‌వర్డ్ మార్చుకోమనండి. నన్ను పనిలోంచి తీసేస్తే, నా కుర్చీలో కూర్చునేవారు చదవాలి. గడులన్నీ నింపానని నేను చెప్పినా నమ్మవద్దు. ఒక్కొక్క కంప్యూటరు, ఒక్కొక్క ఫోను తెరిచి, గేటు దగ్గర కార్డును చేయి చాచి పట్టుకున్న మా సార్ లాగా, పెదవులు కదుపుతూ ఆ పేరు చదవండి.