చుట్టాల్ని పిలిచిన పనసపండు

నా చావుకి నేనే ఓ పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. నమ్మరని తెలుసు. అయినా చెబుతాను, ఇంత శ్రద్ధగా పరువు పోగొట్టుకున్నవాడు మెట్టుగూడ మొత్తం మీద నేనొక్కణ్ణే.

ఎక్కడ చూసినా సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళే కనిపించే రోజులవి. నేనూ బొబ్బిలి దగ్గర్నుంచి వచ్చి ఆ గుంపులో కలిశాను. రెండో అంతస్తులో ఒక గది, వంటగది. ఏడాది గడిచినా నా తలుపు తట్టిన మనిషి లేడు. గ్యాస్ బండ తెచ్చేవాడు కూడా కిందనుంచే కేకేసేవాడు. ఆదివారాలు మరీ కష్టం. పొద్దున్న పాలపాకెట్ దగ్గర "ఒకటివ్వండి" అన్నానంటే, ఆ రోజుకి నా సంభాషణ ముగిసినట్టే.

అప్పుడే ఓ వారపత్రికలో చదివాను. ఏ కాలానికి ఆ కాలపు పరిమళం ఇంట్లో ఉంటే వచ్చినవాళ్ళకి మళ్ళీ మళ్ళీ రావాలనిపిస్తుందట. మొదటిసారి ఎలా వస్తారో మాత్రం రాయలేదు. నేను మల్లెపూలు తెచ్చి గిన్నెలో పోశాను. కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టి నీళ్ళు చల్లాను. ఇల్లు ఘుమఘుమలాడింది. ఆ ఘుమఘుమలన్నీ నేనొక్కణ్ణే పీల్చుకుని పడుకున్నాను.

చివరికి పనసపండు గుర్తొచ్చింది. మా ఊళ్ళో పండు కోస్తే చాలు, వీధిలోవాళ్ళు పిలవకుండానే వచ్చి అరుగు మీద కూర్చునేవారు. ఇంకేం, మోండా మార్కెట్‌కి వెళ్ళి రెండేళ్ళ పిల్లాడంత పండు కొని, ఆటోలో పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చాను. శుక్రవారం పొద్దున్న సగానికి కోసి గది మధ్యలో పెట్టాను. వాసన వృథాగా పోకుండా కిటికీలన్నీ బిగించి, లాగితే దానంతటదే తాళం పడే తలుపు మూసి ఆఫీసుకి వెళ్ళాను. సాయంత్రం వచ్చి తలుపు బార్లా తీస్తే జనం రావాలని నా పథకం.

ఆ సాయంత్రం నేను ఇంటికి రాలేదు. మా ప్రాజెక్టు ఎక్కడో తెగింది. దాన్ని అతికించి బయటపడేసరికి ఆదివారం. ఈలోగా మే నెల ఎండ తన పని తాను చేసింది.

వచ్చేసరికి మెట్ల నిండా జనం. అందరి ముక్కులకీ కొంగులు, రుమాళ్ళు. రెండు రాత్రుల నిద్రమత్తులో నాకేమీ తోచలేదు. ముందున్నాయన్ని ఏమైందని అడిగాను.

"లోపల పిలగాడు పోయిండు. ఓనర్‌కు ఫోన్ కొట్టినం, అల్వాల్ నుంచి తలుపు చావి తెస్తున్నడు."

"అయ్యో. ఎవరండీ అతను?"

"పేరెవలికి ఎర్క? మెడల బిళ్ళ ఏస్కొని పోతుండె."

ఆ బిళ్ళ, అదే మా ఆఫీసు గుర్తింపు కార్డు, ఆ పూట నా జేబులో ఉంది. దాన్ని తడుముకున్నాక తెలిసింది, పోయింది నేనేనని.

చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో నా ఎదురింటి తలుపు దగ్గర ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకోవడం కనిపించింది. ఆవిడ యాదమ్మ అని తర్వాత తెలిసింది.

"ఏడాదాయె ఎదురుంగనే ఉండవట్టి. ఒక్కనాడు సుత, తిన్నవా బిడ్డా అని అడగకపోతిని."

సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకూ ఏడుపొచ్చింది. అంతమంది నా కోసం రావడం అదే మొదలు. ఇంకో రెండు నిమిషాలు పోయినవాడిలాగే ఉండిపోదామనిపించింది. కానీ ఓనర్ స్కూటర్ చప్పుడు వినబడింది.

"నేనేనండి," అన్నాను. "బతికే ఉన్నాను. అది పనసపండు."

మెట్ల మీది తలలన్నీ నా వైపు తిరిగాయి. ఓనర్ తలుపు తీసి, లోపలికి చూసి, ఈగలతో సహా బయటికొచ్చి, నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. జనం కూడా తలో మాటా అనేసి దిగిపోయారు. నేను కుళ్ళిన పండుని సంచిలోకి ఎత్తుతుంటే వెనకనుంచి యాదమ్మ గారు బకెట్, చీపురు పట్టుకుని వచ్చారు.

"గింజలు పారెయ్యకు, కూర వండుత. నీ పేరేంది బిడ్డా?"

ఏడాదిలో నన్ను ఆ మాట అడిగింది ఆవిడే. చెప్పాను.

అందుచేత, నవ్విన మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చుట్టాల కోసం ఇంకెప్పుడూ పనసపండు కోసి కిటికీలు బిగించను. ఏ ఇంట్లో దిగినా ముందు ఎదురింటి తలుపు తట్టి నా పేరు చెప్పుకుంటాను, చచ్చాక వాళ్ళు ఆ పేరు కోసం వెతుక్కోకుండా.