నేను జె.పి. అయిన విధం

విమానాశ్రయం గోడకు కూతవేటు దూరంలో ఇల్లు పెట్టుకుని కూడా విమానం అందుకోలేకపోయిన కుటుంబం ఈ భూమ్మీద ఒక్కటే ఉండాలి. అది మాదే. అందకుండా చేసిన ఘనుణ్ణి నేనే. గుండె దిటవు చేసుకుని చదవండి. చివరికి అంతా బాగుపడుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి, బాగుపడదు.

మాది తొండుపల్లి. మా బాపమ్మ, అంటే మా బాపును, అదే నాన్నను, కన్నతల్లి, పేరు రూతమ్మ. నెత్తిమీంచి పోయే ప్రతి విమానాన్నీ తలెత్తి చూసి, "ఇది జెరూసలేం పోతదా?" అని అడిగేది. ఆ యాత్ర చేసి వచ్చినవాళ్లు మా చర్చిల్లో పేరు చివర జె.పి. అని పెట్టుకుంటారు. జెరూసలేం పిల్‌గ్రిమ్ అన్నమాట. శుభలేఖల మీదా, ఇంటి గేటు మీదా, కొందరికి సమాధి రాయి మీదా కూడా ఉంటుంది. ఆ రెండక్షరాల మీద బాపమ్మకున్న మోజు ఇంతా అంతా కాదు. ఏళ్ల తరబడి ఎదురుచూస్తే చివరికి మా పాస్టరుగారి బృందంలో ఆమెకూ చోటు దొరికింది.

సరిగ్గా అప్పుడే, సైతాను పని కాకపోతే మరేమిటి, నేను బీబీఏలో చేరాను. మేనేజ్‌మెంట్ సూత్రాల పుస్తకంలో రెండు పాఠాలు పూర్తయ్యాయి. ఒకటి శ్రమ విభజన: ఎవరి పని వాళ్లే చేయాలి. రెండోది ఆదేశ ఏకత్వం: అందరూ ఒక్కడి మాటే వినాలి. రెండోదాన్ని అలా అర్థం చేసుకున్నది నేనే, పుస్తకాన్ని అనకండి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త బీబీఏవాడు ఇల్లూ వాకిలీ కూడా ఎరగడు. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టాను.

"పెట్టెలు చిన్నబాపుయి. బండ్లు బాపుయి. తిండి అమ్మది. ఒకరి శాఖల ఒకరు వేలు పెట్టొద్దు. ఏమున్నా నాకే చెప్పాలె."

"మరి నీ పనేందిరా శామూ?" అన్నాడు చిన్నబాపు, బాపుకు తమ్ముడు.

"మేనేజ్‌మెంట్. నేను పని చెయ్య, చేపిస్త."

"పని చెయ్యకపోవుడైతే నీకు పుట్టినకాంచి అలవాటే గద," అంది అమ్మ.

"నేనేం జెయ్యాలె బిడ్డా?" అని అడిగింది బాపమ్మ.

"నువ్వు ప్రార్థన చేసుకో బాపమ్మా. గంతే."

ప్రయాణం ముందురోజు అమ్మ బాపమ్మ తెల్లచీరను పెట్టెలో సర్దుతుంటే దొంగను పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

"అమ్మా, పెట్టె నీ శాఖ కాదు!"

"చీర మా అత్తదిరా!"

"ఎవరిదైనా సరే. సకినాలు కట్టినవా? జర అది చూస్కో."

అమ్మ ఆ చీరను పెట్టెలోంచి తీసి మంచం మీద పడేసి వెళ్లిపోయింది. నాకు బుద్ధి ఉంటే అప్పుడే కళ్లు తెరుచుకోవాలి.

మర్నాడు బాపు తొందరపెడుతుంటే, "ఇల్లు పక్కనే గద, ఎందుకు పరేషాన్?" అని నింపాదిగా బయల్దేరదీశాను. గడప దగ్గర బాపమ్మ ఆగింది.

"శామూ, నా పాస్‌పోర్ట్ పెట్టిన్రా?"

"అన్నీ శాఖలు చూసుకుంటయి. నీది ప్రార్థన శాఖ."

పాపం, ఆమె నోరు మూసుకుని కళ్లు కూడా మూసుకుంది.

విమానాశ్రయం ద్వారం దగ్గర పాస్టరుగారి బృందమంతా ఒకే రకం టోపీలు పెట్టుకుని లోపలికి పోతోంది. జవాను చెయ్యి చాపి పాస్‌పోర్ట్ అడిగాడు. బాపమ్మ నన్ను చూసింది. నేను చిన్నబాపును చూశాను.

"నాయి పెట్టెలే. పాస్‌పోర్ట్ పెట్టెల పెట్టరు గద," అన్నాడు.

"నాది బండి," అన్నాడు బాపు.

"అది తినేది గాదు," అంది అమ్మ.

"మరి ఏడున్నది?"

"ఫ్రిజ్ మీద," అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో. ఆదివారం పాటల బృందం కూడా అంత శ్రుతిలో పాడదు.

అవును, అందరూ చూశారు. బాపు దాని పక్కనుంచే బండి తాళంచెవి తీసుకున్నాడు. చిన్నబాపు దాని మీదున్న టేపు తీసి పెట్టెకు చుట్టాడు. అమ్మ దాన్ని ఎత్తి, కింద దుమ్ము తుడిచి, మళ్లీ భద్రంగా అక్కడే పెట్టింది. ఇంకా దాచడమెందుకు, నీళ్ల సీసా కోసం వెళ్లి నేనూ చూశాను. ఎవరి శాఖదో వాళ్లే తీస్తారులే అనుకున్నాను.

బాపు బండెక్కి ఇంటికి దూకాడు. "ఇంటి తాళంచెవి నా తాన్నే ఉన్నది!" అని అమ్మ వెనకనుంచి అరిచింది. ఆ మాట హెల్మెట్‌లోకి దూరలేదు. ఇల్లు ఖాళీగా ఉంటుందని నేనే కొనిపించిన కొత్త తాళం, ఏనుగుకు కూడా లొంగదు. దాన్ని రాయితో పగలగొట్టి, చేతికి రక్తంతో బాపు తిరిగి వచ్చేసరికి లోపల కౌంటర్ మూసేశారు.

బాపమ్మ మెడలో బంతిపూల దండతోనే ఇంటికొచ్చి వాకిట్లో కుర్చీలో కూర్చుంది. కాసేపటికి నెత్తిమీద మోత. అలవాటుగా తలెత్తింది.

"శామూ, ఇది జెరూసలేం పోతదా?"

"పోదు బాపమ్మా."

"అబద్ధమాడకు బిడ్డా. మనోళ్లు పోతున్రు, దండం పెట్టు."

దండం పెట్టాను. ఏడుపు మాత్రం ఆగలేదు.

సోమవారం క్లాసులో మేడం మూడో పాఠం మొదలుపెట్టారు. సమన్వయం. విడగొట్టిన పనులను మళ్లీ కలిపి చూసేవాడు లేకపోతే ఎవరిదీ కాని పని ఒకటి మిగిలిపోతుందట.

"మేడం, ఇది మొదటి పాఠంగా పెట్టుంటే ఏం పోయేది?" అన్నాను లేచి నిలబడి.

"ఎందుకని?"

"ఫ్రిజ్ మీద ఉండిపోయింది మేడం."

క్లాసంతా నవ్వింది. నేను కూర్చున్నాను.

ఇప్పుడు డిగ్రీ చేతికొచ్చింది. తర్వాతి బృందం ఆ దేశంలో గొడవల వల్ల ఆగిపోయింది. మళ్లీ ఎప్పుడో పాస్టరుగారికీ తెలియదు. బాపమ్మ పాస్‌పోర్టును రొండిన దోపుకునే తిరుగుతోంది, నన్ను తాకనివ్వదు. మొన్న చర్చికి కొత్తగా వచ్చినవాళ్లకు నన్ను పరిచయం చేసింది: "వీడు నా మనుమడు, శామ్యూల్ జె.పి."

"గింత చిన్నోడు ఎప్పుడు పోయొచ్చిండమ్మా?" అని వాళ్లు నోరు తెరిచారు.

"పోలే. జె.పి. అంటే జెరూసలేం పోగొట్టినోడు."

కాబట్టి సర్వజనులకూ తెలియజేయడమేమనగా, ఇకమీదట ఏ పుస్తకమైనా ఆఖరి పాఠం దాకా చదవనిదే మా ఇంట్లో చెంచా కూడా కదపను. ఫ్రిజ్ మీద ఏది కనబడినా, అది ఎవరి శాఖదైనా, తీసి చేతిలో పెట్టుకుంటాను. బాపమ్మ విమానం ఎక్కేదాకా ఎవ్వరికీ ఏ పనీ చెప్పను. ఇది నా ప్రమాణం.

ఇట్లు,
శామ్యూల్, జె.పి.