పాలకూరకు నేను పెట్టిన చిల్లులు

సికింద్రాబాదు మొత్తానికి మందు కొట్టని కూరగాయలు రుచి చూపించింది నేనేనని ఇప్పటికీ చెప్పుకుంటుంటాను. మారేడ్‌పల్లిలో మా వరండా ముందు ఆదివారం ఆదివారం వంద కుటుంబాలు వరుస కట్టేవని కూడా అంటాను. వంద కాదు, పదకొండు. వరుసా లేదు. చర్చి నుంచి వస్తూ వస్తూ సంచీలు పట్టుకుని ఆగేవారు, అంతే.

రాష్ట్రం ఇంకా ఒకటిగానే ఉన్న రోజులవి. కూరగాయలు తెచ్చేది బొల్లారం అవతల ఒక పల్లెలో ఎకరం పొలమున్న రైతమ్మ. రెండు బస్సులు మారి, నెత్తిన ఒక మూట, చంకన ఒక మూటతో వచ్చేది. మూడేళ్ళుగా ఆమె పొలంలో పురుగుమందు చుక్క పడలేదు. అంతా వేపగింజల కషాయమే. భర్తకది నచ్చేది కాదు. "పురుగు పడ్డనాడు నీ మాట ఇనను, మందు కొడత" అని ఆయన షరతు. ఆ సంగతి ఆమె మాకు చెబుతూనే ఉండేది.

ఆ చలికాలం పాలకూర నిగనిగలాడుతూ వచ్చింది. అదే మా ప్రాణం మీదికి తెచ్చింది. మా వాళ్ళకు ఆకులో చిల్లు ఉంటేనే నమ్మకం. పురుగు తిన్నదంటే మనమూ తినొచ్చని లెక్క. మా గుంపుకు పెద్ద, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌గారు కట్టను వెలుతురుకెత్తి చూశారు.

"ఒక్క చిల్లు లేదేంటండీ? నాకు అనుమానంగా ఉంది. వచ్చే వారమూ ఇలాగే ఉంటే నేను మానేస్తాను."

ఆవిడ మానేస్తే పదకొండు ఇళ్ళూ మానేస్తాయి. ఆ పంటకు మేం తప్ప వేరే దిక్కు లేదు. ఆ వారమంతా అన్నం ముట్టలేదని చెబుతుంటాను. ముట్టాను, కానీ రుచి తెలియలేదు.

మళ్ళీ ఆదివారం రైతమ్మ మూటలు దింపి, వంటింట్లో మా ఆవిడ ఇచ్చిన టీ తాగుతోంది. పాలకూర మళ్ళీ అద్దంలా ఉంది. గేటు దగ్గర హెడ్‌మిస్ట్రెస్‌గారి గొంతు వినిపిస్తోంది. కిటికీలో మా ఆవిడ తలపిన్ను కనబడింది. ఇరవై కట్టలకు చిల్లులు పొడిచానని గొప్పలు పోతాను గానీ, పొడిచింది ఆరింటికే. అంతలో గేటు కిర్రుమంది.

"ఇదండీ ఆకంటే!" అని హెడ్‌మిస్ట్రెస్‌గారు మురిసిపోయారు. అప్పుడే బయటికొచ్చిన రైతమ్మ ఆవిడ చేతిలోని కట్ట చూసి ఆగిపోయింది.

"గిదేందమ్మా? నిన్న పొద్దుమీకి కోసినప్పుడు గివి లేకుండె." ఆకు తిప్పి చూసింది. "పురుగు పెంట లేదు, గుడ్లు లేవు. ఒక్క రాత్రిల తిన్నదంటే గిది కొత్త పురుగు సార్. మడి మొత్తం పోతది."

నేను నోరు తెరవాలి. అందరూ అక్కడే ఉన్నారు. "కాస్త ఆగమ్మా, కంగారు పడకు" అన్నానంతే.

"ఎట్ల ఆగాలె సార్? ఇంటాయనకు సూపిస్తే ఇయ్యాల్నే మందు కొడతడు. సూపియ్యకుంటే పంట పోతది." ఆకును కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను. మా ఆవిడ పిన్ను పట్టుకొచ్చింది.

"ఏవండీ, దీనికి ఈ పచ్చరంగేంటి?"

నేను కంచంలోకి తల దించుకున్నాను. ఆవిడకు అర్థమైపోయింది. "మూడేళ్ళ కష్టమండీ ఆ పిల్లది! ముందు లేవండి."

బొల్లారం బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. కండక్టరు టీకి కూడా దిగాడు. అక్కణ్ణించి పల్లె దాకా నాలుగు మైళ్ళు పరుగెత్తానంటాను. పాలవ్యాను ఎక్కాను.

పొలం గట్టు ఎక్కకముందే వాసన ముక్కుకు తగిలింది. ఆమె భర్త వీపున పంపు ఉంది. ఒక మడి అప్పటికే తడిసింది. రెండో మడిలో కాలు పెట్టబోతున్నాడు.

పొలమంతా మారుమోగేలా అరిచానని ఎన్నిసార్లు చెప్పానో! నిజానికి అరవనే లేదు. పోయి ఆయన ముందు నిలబడి పిన్ను తీసి చూపించాను. "ఆ పురుగు నేనే బాబూ" అన్నాను.

ఆయన పంపు దించి పగలబడి నవ్వాడు. "సారుకేం పుట్టిందే?" అని భార్యను అడిగాడు. ఆమె నవ్వలేదు. తడిసిన మడిని వేళ్ళతో సహా పీకడం మొదలుపెట్టింది.

"గిది బర్రెలకు సుత ఎయ్యనీకి రాదు ఇగ. వచ్చే ఐతారం గా అమ్మల ముంగట నువ్వే చెప్పాలె సార్. మందు పడ్డది సుత చెప్పాలె."

పిన్ను సంగతి ఎలాగో చెప్పేయొచ్చు. మందు పడిందంటే ఎవరు కొంటారు? అది ఆమెకూ తెలుసు. అయినా చెప్పమంది.

చెప్పాను. అందరూ కళ్ళు తుడుచుకున్నారని రాయబోయి కొట్టేశాను. మూడు కుటుంబాలు ఖాళీ సంచీలతో వెళ్ళిపోయాయి. రైతమ్మ మూటల పక్కన కొంగు నలుపుతూ నిలబడింది. హెడ్‌మిస్ట్రెస్‌గారు చిల్లు లేని కట్ట ఒకటి తీసి, వెలుతురుకెత్తి చాలాసేపు చూశారు.

"మందు పడిన మడి ఏం చేశావమ్మా?"

"పీకి గుంతల పూడ్చినమ్మా."

ఆవిడ ఆ కట్ట సంచీలో వేసుకుని ఇంకొకటి తీశారు. తర్వాత నా వైపు తిరిగారు. "మీరు కుర్చీ వేసుకుని గేటు దగ్గర కూర్చోండి. ఆకుల దగ్గరికి రావద్దు."

అప్పటి నుంచి ఆదివారాలు నా చోటు గేటు దగ్గరే. రైతమ్మ మూటలతో వచ్చి, లోపలికి అడుగు పెట్టేముందు ఆగేది.

"చేతులు సూపియ్యి సార్."

రెండు చేతులూ చాపి, ముందూ వెనకా తిప్పి చూపించేవాణ్ణి.