ఒడిలో గాజు ప్లేట్లు

మా ఆయనకు కడపలో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పందొమ్మిదివందల యాభైలలో ఆయనొక మోటారు సైకిలు కొన్నాడు, మిలిట్రీవాళ్లు వదిలించుకున్న పాతది. ఊళ్లకు పోయేటప్పుడు మూడుకాళ్ల స్టాండు, నల్లగుడ్డ, ట్రంకుపెట్టెంత కెమెరా వెనకాల కట్టేవాడు. బొమ్మ పడే గాజు ప్లేట్ల పెట్టె మాత్రం నా ఒడిలో. ఆ పెట్టె విషయంలో ఇంకెవరినీ నమ్మడు మహానుభావుడు.

“నిన్ను పట్టుకోవల్లా, పెట్టెను పట్టుకోవల్లా?” అని అడిగితే, “పెట్టెను పట్టుకో, నేను యాడికీ పోను” అనేవాడు. మమ్మల్ని చూసి వీధిలో ఆడవాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు. వేసుకోనీ! నాకు ఆ బండెక్కి పోవడమంటే పిచ్చి సంతోషం.

ఒక కరువేడు ఎర్రగుంట్ల అవతలి పల్లె నుంచి ఒక రైతు వచ్చాడు. మేత లేక కాడెద్దులను ఎల్లుండి సంతకు తోలేస్తున్నాడట. “పోయేలోపల వాటి బొమ్మ ఒకటి తీయప్పా, ఇంట్లో పెట్టుకుంటా” అని బతిమాలాడు. మర్నాడే పోయాం. ఎద్దులు చెబితే వింటాయా? ఒకటి తల ఊపుతుంది, ఇంకొకటి తోక విసురుతుంది. మూడు ప్లేట్లు పాడయ్యాయి. మిగిలిన ఒక్కదానికి రైతే పక్కన నిలబడి మెడ నిమిరితే రెండూ బుద్ధిగా నిలిచాయి. “పడిండాది!” అని మా ఆయన నల్లగుడ్డలోంచి అరిచాడు.

బయలుదేరుతుంటే రైతు భార్య ఆపింది. “ముత్తైదువ ఒట్టి ఒడితో పోగూడదమ్మా” అంటూ, అంత కరువులోనూ సోలెడు కొర్రలు, ఒక టెంకాయ నా ఒడిలో పోసింది. ఒడి నింపినది సంచిలో వేయకూడదని నా పట్టింపు. చెంగులో మూట కట్టుకుని, దాని మీదే ప్లేట్ల పెట్టె పెట్టుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

దారిలో ఎండిపోయిన వంక దాటుతుంటే ఇసుకలో బండి జారి ఇద్దరం పడ్డాం. పెట్టె టెంకాయకు తగిలి లోపల గాజు గలగలమంది. మా ఆయన బండి వదిలేసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

“దెబ్బ తగిలిందా?”

“నన్నెందుకు చూస్తావయ్యా, పెట్టె చూడు!” అని భోరుమన్నాను. వెలుతురులో దాన్ని తెరవకూడదు. ఇల్లు చేరేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

చీకటిగదిలో కడిగితే ఎద్దులు రెండూ చెక్కుచెదరలేదు. పగిలింది రైతు నిలబడిన మూల. ఆయన తల ఉండాల్సిన చోట గాజు పొడి. మళ్లీ తీద్దామంటే, తెల్లారేసరికే ఎద్దులు సంతకు పోయాయి.

వారానికి ఆ బొమ్మే పట్టుకుని పోయాం. కొట్టం ఖాళీగా ఉంది. దారిపొడుగునా వల్లె వేసుకున్న మాటలన్నీ రైతు ఎదురుపడగానే మరిచిపోయాను.

“తప్పు నాదేనప్పా. నీ మొగమే పోయింది” అన్నాను.

ఆయన బొమ్మను అందుకుని ఎద్దుల మెడల మీద వేలితో నిమిరాడు.

“నా మొగం యాడికి పోతాది తల్లీ, రోజూ చూసుకుంటానే ఉండా. ఇవి రెండూ ఉండాయి గదా, సాలు.”