టీవీలో బొమ్మ రాదని రాసిచ్చిన వైనం

ముందే ఒప్పేసుకుంటున్నాను. బీమా కాగితం మీద నా ఇంటిని నేనే దోచుకున్నాను. దొంగలకు కూడా ఏమీ మిగల్చలేదు.

ఆరేళ్ల కిందట తిరుపతిలో కొత్త ఫ్లాటులో దిగిన నెలకే బీమా ఏజెంటు మునిరత్నం వచ్చి హాల్లో కూర్చున్నాడు.

"గోడలకు మీ అసోసియేషన్ పాలసీ ఉండాది సార్. మీరు సూసుకోవాల్సింది లోపలి సామాన్లకే. ఏమేముండాయో సెప్పండి, రాసుకుంటా."

చెప్పేవాడినే. సరిగ్గా అప్పుడే ఎదురు ఫ్లాటు సుగుణక్క కరివేపాకు కోసం వచ్చి గుమ్మంలో నిలబడింది. పరాయివాళ్ల ముందు ఇంట్లో ఉన్నదంతా ఏకరువు పెడితే దిష్టి తగులుతుందని మా అమ్మ ఉగ్గుపాలతో పోసిన భయం నాలో లేచి కూర్చుంది.

"టీవీ?"

"ఉండాది గానీ బొమ్మ రాదప్పా. మాట మాత్రం వస్తాది."

"ఫ్రిజ్?"

"పేరుకే. దానికంటే కుండ మేలు."

"వాషింగ్ మిషన్?"

"తిరగదు. మాసిన గుడ్డలు దాంట్లో వేసుకుంటాము."

మూడూ కొత్తవే. స్టిక్కర్లయినా పీకలేదు. నా భార్య రాజేశ్వరి అయిదేళ్లు చీటీ కట్టి కొనుక్కున్నవి. సుగుణక్క "అయ్యో పాపం" అని, తీసుకున్న కరివేపాకులో సగం తిరిగిచ్చి వెళ్లింది. నేను సన్మానపత్రం అందుకుంటున్నంత ధీమాగా సంతకం పెట్టాను. ఆమె వెళ్లాక దిద్దించవచ్చు కదా అంటారు. తెలివైనవాళ్లు అలాగే చేస్తారు.

ఆ ఎండాకాలం మేము పెళ్లికని సత్యవేడు వెళ్లి వచ్చేసరికి పై ఫ్లాటులో పైపు పగిలి మా హాలు చెరువైంది. మూడు వస్తువులూ నిలువునా తడిసి ఉన్నాయి. నష్టం చూడ్డానికి బీమా కంపెనీ మనిషి కాగితం పట్టుకుని వచ్చాడు.

"బొమ్మ రాదని మీరే రాసిచ్చినారు. ఇప్పుడూ రాలేదు. ఇంక నష్టమేముండాది సార్?"

"మాట వచ్చేదండీ..."

"ఆ మాటేదో ఆ రోజు మీకు రాకుండా ఉంటే బాగుండు!" అంది రాజేశ్వరి.

మూడింటినీ రెండు రోజులు మిద్దె మీద ఎండబెట్టాం. మూడో రోజు కళ్లు మూసుకుని టీవీ మీట నొక్కాను. బొమ్మ వచ్చింది! ఫ్రిజ్ గుర్రుమంది, మిషన్ గిర్రున తిరిగింది. రాజేశ్వరి నవ్వుతూ కళ్లొత్తుకుంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఆఖరి రిపోర్టు రాసుకోవడానికి కంపెనీ మనిషి మళ్లీ వచ్చి చూసి నోరు తెరిచాడు. "కాగితం ప్రకారం నీళ్లు పడి అన్నీ బాగయినాయి! ఇట్లాంటి నష్టం నా సర్వీసులో సూడలేదు సార్."

ఆ క్షణమే తడి గోడ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. బతికున్నంత కాలం బీమావాళ్ల ముందు బీదవాడిగా నటించను.

తర్వాత పాలసీ కొత్తగా రాయడానికి మునిరత్నం వచ్చాడు. "స్టిక్కర్లు కండ్ల ముందర కనపడతాంటే అట్లా ఎట్లా రాసినావప్పా?" అని అడిగాను.

"మీరు సెప్పినారు, నేను రాసినా."

"అయితే ఇప్పుడూ రాసుకో. ఇడ్లీ రేకులు నాలుగు, ఒకటి సొట్ట. జల్లి గరిటె ఒకటి. చిన్న స్పూన్లు పదకొండు, పన్నెండోది కనబడలేదు..."

గంటన్నర గడిచింది. మునిరత్నం వేళ్లు విరుచుకున్నాడు. "సార్, సెయ్యి లాగతాండాది. ఇంక సాలు!"

"రాయప్పా రాయి. మనమింకా వంటింట్లోనే ఉండాము."