బోర్డు కింది మాట

అమలాపురంలో బోర్డులు రాసే సాలమోనుకి రెండు పట్టింపులు ఉండేవి. మొదటిది, షాపు పేరు కింద ఒక మాట ఉండి తీరాలి. పేరు చూసి మనిషి ఆగుతాడు, కింది మాట చూసి లోపలికి వస్తాడు అనేవాడు. ఆ మాట కూడా తనే ఆలోచించి రాసేవాడు. చెప్పుల షాపుకి ఒకటి, సోడాల కొట్టుకి ఒకటి, టైలరు బుల్లిరాజుకి ఒకటి. ఎవరి మాట వాళ్లదే, ఒకరికి రాసింది ఇంకొకరికి రాయడు. రెండోది, అన్నీ అయ్యాక కుడివైపు కింది మూలన చీమతలకాయంత అక్షరాల్లో తన పేరు రాసుకునేవాడు. అయితే అబద్ధమని తెలిసిన మాట కింద మాత్రం చచ్చినా రాసేవాడు కాదు.

ఒక నెయ్యి షాపాయన కల్తీ లేని నెయ్యి అని రాయించుకుని, మూలన సంతకం లేదేమని తగువుకి వచ్చాడు. రాయడం నా పనండి, సంతకం నా ఇష్టమండి అని సాలమోను నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అప్పట్నుంచి ఊళ్లోవాళ్లు బోర్డు చూడరు, మూల చూసి సరుకు కొంటారు అని ఒక ప్రచారం బయల్దేరింది. సాలమోను దాన్ని పూర్తిగా నమ్మాడు. పాపం, మంచి మాట కదా, ఎవరైనా నమ్ముతారు.

పంతొమ్మిది వందల ఎనభై అయిదులో జగన్మోహనరావు బొంబాయి నుంచి వచ్చి గడియారస్తంభం దగ్గర మేడ మీద గది తీసుకున్నాడు. అప్పుడప్పుడే ఇంటింటికీ టీవీలు వస్తున్నాయి. హైదరాబాదు, బెంగుళూరు కంపెనీలకి ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనుషులు కావాలి. ఇక్కడ చూస్తే డిప్లొమాలు, ఐటీఐలు చదివిన పిల్లలు కాలవగట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. అటువాళ్లనీ ఇటువాళ్లనీ కలపడమే తన వ్యాపారం అన్నాడాయన. పేరు శ్రీ వైనతేయ టెక్నికల్ బ్యూరో. పేరైతే పెట్టుకున్నాడు గాని కింద మాట కావాలి. దానికి సాలమోను ఇంటికి రాక తప్పలేదు.

ఇద్దరూ హైస్కూల్లో ఒకే బెంచీ. అప్పుడు ఇద్దరూ ఒరే అంటే ఒరే అనుకునేవారు. పెద్దయ్యాక జగన్మోహనరావు ఒరే దగ్గరే ఉన్నాడు, సాలమోను గారండీ దగ్గరికి వచ్చేశాడు. దాన్ని గురించి ఇద్దరిలో ఎవరూ ఏమీ అనుకోలేదు. పేటలో ఉన్న సాలమోను ఇంట్లో మంచం మీద కూర్చుని కాఫీ తాగే స్నేహితుడు ఊళ్లోని పెద్ద వీధుల్లోంచి ఆయనొక్కడే. సాలమోనుకి అది గొప్పగా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

సాలమోను కూతురు సలోమి ఆ ఏడే కాకినాడలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించుకుని వచ్చింది. క్లాసులో రెండో ర్యాంకు. జగన్మోహనరావు కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఆడపిల్లలు కావాలని అడిగే మొదటి కంపెనీకి వెళ్లేది మన సలోమేరా. ఇది నా మాట. నా బోర్డు కింద నీ మాట రాసిపెట్టు" అన్నాడు. కూలి సంగతి ఇద్దరూ ఎత్తలేదు. పొయ్యి దగ్గరున్న పాపాయమ్మ మొగుడి వంక చూసింది. అతను గోడకేసి చూస్తున్నాడు. అప్పటికే మాట వెతకడం మొదలెట్టేశాడు.

ఎనిమిది రోజులు వెతికాడు. 'ఉద్యోగానికి రాచబాట' అనుకున్నాడు, బస్సుల వాళ్ల బోర్డులా ఉంది. 'నమ్మకమే మా పెట్టుబడి' అనుకున్నాడు, అది ప్రతి చిట్‌ఫండ్ వాడి గోడ మీదా ఉంది. తొమ్మిదో రోజు పొద్దున్న అరుగు మీద సలోమి పక్కింటివాళ్ల రేడియో విప్పి టంకం వేస్తోంది. బొటనవేలి మీద కాలిన మచ్చ. ఒక తీగ అతకగానే ఆ చెయ్యి ఊరుకోకుండా ఇంకో తీగని వెతుక్కుంటోంది. సాలమోను ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. మాట దొరికింది.

పని నేర్చిన చెయ్యి ఖాళీగా ఉండదు.

నీలం మీద తెల్లని అక్షరాలు. మూలన సంతకం ఏ సందేహమూ లేకుండా పెట్టాడు. అతను రాసిన మాటలన్నిటిలోకీ నిజమైనది అదేనని అతని నమ్మకం.

ఆ మాట చుట్టుపక్కల ఊళ్లకీ పాకింది. రాజోలు గోడల మీద, కొత్తపేట సెంటర్లో, పలివెల బస్సుల వెనక అదే మాట, అతని చేతిరాతే. ఐటీఐలో పిల్లల్ని చేర్పించే తండ్రులు ఆ మాటే చెప్పుకునేవారు. ఏడాదిన్నరలో నలభై మంది ఉద్యోగాలకి వెళ్లారు. వెళ్లినవాళ్ల పేర్లన్నీ ఆఫీసు లోపల ఒక పెద్ద బోర్డు మీద రాయించేవాడు జగన్మోహనరావు. రెండు నెలలకోసారి సాలమోనుకి కబురొచ్చేది. వెళ్లి కొత్త పేర్లు రాసి వచ్చేవాడు.

సలోమి పేరు రాలేదు. పాపాయమ్మ ఒకసారి అడిగి చూడమంది. అడిగితే అనుమానించినట్టు ఉంటుంది, మాట ఇచ్చిన మనిషిని మళ్లీ అడగకూడదు అన్నాడు సాలమోను. ఈలోగా సలోమి పేటలో రేడియోలన్నీ బాగుచేసేసింది.

ఎనభై ఏడు జూన్‌లో కబురొస్తే వెళ్లాడు. జగన్మోహనరావు అయిదు పేర్లున్న కాగితం చేతికిచ్చాడు. కొత్త కాగితం మీద జాబితా రాయడం ఆయన ఇంటావంటా లేదు. వచ్చిన ఉత్తరాల వెనకే రాస్తాడు. నాలుగో పేరు శారద, టీవీ కంపెనీ, హైదరాబాదు. శారద జగన్మోహనరావు బావమరిది కూతురు. ఆ పిల్ల కూడా అదే చదువు చదివింది, అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు. అయితే ఆడపిల్ల కదా, మొదటి ఆడపిల్ల కదా అని సాలమోను మనసులో ఏదో కలుక్కుమంది. రంగు డబ్బా మూత తీస్తూ కాగితం వెనక్కి తిప్పాడు.

ఇంగ్లీషులో టైపు కొట్టిన ఉత్తరం. ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు బోర్డులు రాసినవాడు, కూడబలుక్కుని చదవగలడు. సలోమి పేరైతే కూడబలుక్కోనక్కర్లేదు, హాస్టలు పెట్టె మీద అతనే రాశాడు. కుమారి సలోమికి ఉద్యోగం ఇష్టం లేదని మీరు తెలియజేశారు, మీరు సూచించినట్టు ఆమె బదులు కుమారి శారదని తీసుకుంటున్నాం అని ఉంది.

సాలమోను కాగితం బల్ల మీద పెట్టి, "మా అమ్మాయికి ఇష్టం లేదని ఎవరు చెప్పేరండి మీకు?" అని అడిగాడు.

జగన్మోహనరావు కాగితం చూసుకుని, పేర్ల వైపు పైకి వచ్చేట్టు తిప్పి పెట్టాడు. ఇంట్లో ఒత్తిడి అన్నాడు, బావమరిది మాట కాదనలేకపోయానన్నాడు. తరవాత కొంచెం ధైర్యం వచ్చి, "నువ్వు మన మనిషివి కదరా, ఏమీ అనుకోవనుకున్నాను. బయటవాళ్లయితే ఇలా చేస్తానా?" అన్నాడు.

ఆ మాటే సాలమోనుని కోసేసింది. పరాయివాడిగా ఉండి ఉంటే కూతురికి న్యాయం జరిగేదన్నమాట. మంచం మీద తాగిన కాఫీలన్నీ గుర్తొచ్చాయి.

ఒప్పుకున్న పని కాబట్టి అయిదు పేర్లూ రాశాడు. శారద పేరు కూడా మిగతా పేర్లంత అందంగానే వచ్చింది. అలా రాసినందుకు తన చేతి మీద అసహ్యం వేసింది. బయటికొచ్చి నిచ్చెన వేసుకుని, నీలం రంగుతో మూలనున్న తన పేరు మీద పూశాడు. మాట జోలికి పోలేదు, అది ఇచ్చేసిన మాట. మర్నాటి నుంచి నాలుగు రోజులు సైకిలు మీద రాజోలు, కొత్తపేట తిరిగి ప్రతి గోడ మీదా సంతకం చెరిపాడు. ఎవరో ఎందుకండీ అని అడిగితే నా పేరండి అన్నాడు, అంతే.

బ్యూరోకి వచ్చేవాళ్లు ఒక్కరూ తగ్గలేదు. మూల చూసి సరుకు కొంటారన్నది ఉత్త మాటే. ఆ మూలలు చూసినవాడు ఊళ్లో సాలమోను ఒక్కడే.

ఆ డిసెంబరులో సలోమి ఇంటి ముందుగదిలో రేడియో, టేపురికార్డర్ల రిపేరు షాపు పెట్టింది. సాలమోను రేకుకి నీలం రంగు వేసి, గీతలకి సుద్దదారం కొట్టి, అలవాటు చొప్పున పేరు కింద నాలుగంగుళాలు వదిలాడు. పేరు రాశాడు. తరవాత కుంచె పట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. కూతురి చేతికి తగ్గ మాట ఒక్కటే ఉంది, అది ఎప్పుడో ఇంకొకరికి ఇచ్చేశాడు.

సలోమి వచ్చి పక్కన నిలబడింది. "పేరు చాలండి నాన్నగారండీ. కట్టేయండి" అంది.

మూలన సంతకం పెట్టి కట్టేశాడు. మొదటి బేరం చేపల సత్తియ్యది. పాడైన రేడియో చంకలో పెట్టుకుని బోర్డు కేసి ఎగాదిగా చూసి, అందరికీ రాస్తారు, మీ అమ్మాయికి కింద ఏమీ రాయలేదేంటండి అని అడిగాడు.

"రాసేనండి" అన్నాడు సాలమోను. "గడియారస్తంభం దగ్గరుంది."